తాగుడు మానాక ఏ గ్రూపులో కూర్చోవాలి? సహాయక బృందాలపై ఒక సమీక్ష

తాగుడు మానాలనుకునేవాళ్లకు డాక్టరు, కౌన్సెలర్, ఇంట్లోవాళ్లు అందరూ చెప్పే మాట ఒకటే: "ఏదైనా గ్రూపులో చేరు." ఏ గ్రూపులో, ఎందుకు అన్నది మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. దాంతో మనిషి కంటపడిన మొదటి మీటింగ్‌కి వెళ్తాడు. అక్కడ ఇమడలేకపోతాడు. "నాకు గ్రూపులు పడవు" అని తేల్చుకుని ఇంటికొచ్చేస్తాడు. నిజానికి అతనికి పడనిది ఆ ఒక్క గది, ఆ ఒక్క సాయంత్రం. అలాంటి తొందరపాటు తీర్మానం తర్వాత మళ్లీ తాగుడులోకి జారడం ఎంత తేలికో ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. అందుకే ఇక్కడ ఒక్కో రకం గ్రూపు లోపల ఏం జరుగుతుంది, ఎవరికి కుదురుతుంది, ఎక్కడ బెడిసికొడుతుంది అన్నది విడమరిచి రాస్తున్నాం.

గ్రూపు కంటే ముందు డాక్టరు. రోజూ తాగేవాళ్లు, ముఖ్యంగా పొద్దున లేవగానే చేతులు వణికి ఒక గుక్క పడితేగానీ కుదుటపడనివాళ్లు, మీటింగ్‌లో విన్న మాటల ఊపులో రాత్రికి రాత్రి ఒంటరిగా ఆపేయకూడదు. చివరి గుక్క తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి మూర్ఛలు వస్తాయి. అవి ఎక్కువగా మొదటి 48 గంటల్లోపే వస్తాయి. 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్ రావచ్చు. లేనివి కనబడతాయి, ఎక్కడున్నామో తెలియదు, ఒళ్లు కాలిపోతుంది, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఏళ్ల తరబడి మద్యం మెదడును నెమ్మదింపజేస్తుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగాన్ని పెంచుకుని ఉంటుంది. మద్యాన్ని ఒక్కసారిగా తీసేస్తే బ్రేకు పోతుంది, వేగం మాత్రం అలాగే మిగిలిపోతుంది. అందుకే డాక్టర్లు కొన్ని రోజుల పాటు మోతాదు తగ్గించుకుంటూ మందులిస్తారు, వాటితోపాటు థయామిన్, అంటే బీ1 విటమిన్, తప్పకుండా ఇస్తారు. గతంలో ఒక్కసారైనా మూర్ఛ వచ్చినవాళ్లు ఆస్పత్రిలో ఉండి మానడమే సరైన దారి. ఈ పని ఏ గ్రూపూ చేయలేదు. చేస్తామని చెప్పే గ్రూపు దగ్గర ఆగొద్దు.

ఇక గ్రూపుల్లోకి వద్దాం. అన్నిటికంటే ఎక్కువ చోట్ల దొరికేది ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుబోతులు, ఒకరికొకరు తోడుంటే ఆ రోజుకు తాగకుండా ఉండగలమని కనుక్కోవడంతో ఇది మొదలైంది. ఫీజు లేదు, రిజిస్టరు లేదు. సభ్యత్వానికి కావలసిందల్లా తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. మీటింగ్ మధ్యలో చందా బుట్ట ఒకటి చేతులు మారుతుంది. అందులో వేయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, కొత్తవాళ్లనైతే వేయవద్దనే అంటారు. బయటివాళ్ల దగ్గర విరాళాలు తీసుకోకూడదన్నది వాళ్ల నియమం.

మీటింగ్ గంట లేదా గంటన్నర. ఒకరు నడిపిస్తారు. ముందు చదవాల్సినవి చదువుతారు. ఆ తర్వాత ఒక్కొక్కరు మూణ్నాలుగు నిమిషాలు మాట్లాడతారు. ఎవరైనా మాట్లాడుతున్నప్పుడు మధ్యలో అడ్డుపడటం, సలహాలివ్వడం ఉండదు. ఈ నియమం కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది. "నేనింత గోడు వెళ్లబోసుకుంటే ఒక్కరూ జవాబివ్వలేదే" అని నొచ్చుకుంటారు. జవాబు మీటింగ్ అయ్యాక కుర్చీలు సర్దేటప్పుడు వస్తుంది. దాని సంగతి తర్వాత చెబుతాం, ఎందుకంటే మా లెక్కలో గ్రూపును తూచే తూకం అదే.

ఏఏలో ఓపెన్ మీటింగ్, క్లోజ్డ్ మీటింగ్ అని రెండు రకాలున్నాయి. ఓపెన్‌కి ఇంట్లోవాళ్లు, తెలుసుకోవాలనుకునేవాళ్లు ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మాత్రం తాగుడు మానాలనుకునేవాళ్లకే. మొదటిసారి వెళ్లేవాళ్లు తోడుగా ఒకరిని తీసుకుని ఓపెన్‌కి వెళ్లి, రెండో వారం నుంచి ఒంటరిగా క్లోజ్డ్‌కి వెళ్లడం మంచిది. అసలు మాటలు బయటపడేది క్లోజ్డ్‌లోనే. ఇవికాక, ఒకరే నిలబడి తన కథ మొత్తం చెప్పే స్పీకర్ మీటింగ్‌లు, ఏఏ దారిలోని పన్నెండు మెట్లను ఒక్కొక్కటిగా తీసుకుని చర్చించే స్టెప్ మీటింగ్‌లు ఉంటాయి. మానేసి ఇంకా వారం కూడా కాలేదంటే స్పీకర్ మీటింగ్ కొంచెం జాగ్రత్త. ఎంత తాగామో ఎలా తాగామో వర్ణించే కథలు పచ్చిగా ఉన్నవాళ్ల నాలుక పీకేలా చేస్తాయి. చర్చ మీటింగ్‌తో మొదలుపెట్టండి.

పన్నెండు మెట్ల గురించి కూడా తేటగా చెప్పుకోవాలి. మొదటి మెట్టు, మద్యం ముందు నా శక్తి చాలదని ఒప్పుకోవడం. రెండు, మూడు మెట్లు మనకంటే పెద్ద శక్తి మీద నమ్మకం పెట్టుకోవడం. ఆ శక్తి ఎవరికి ఎలా అర్థమైతే అలాగే అని అందులోనే ఉంది. దేవుడి మాట వినగానే వెనక్కి తిరిగేవాళ్లున్నారు. కొందరు ఆ గదిలోని మనుషులనే ఆ శక్తిగా తీసుకుని ఏళ్లపాటు తాగకుండా ఉన్నారు. అయినా ప్రార్థనతో ముగిసే మీటింగ్‌లో కూర్చోవడం మనసుకు సుతరామూ ఒప్పకపోతే బలవంతంగా కూర్చోనక్కర్లేదు. వేరే దారులున్నాయి. అసలు ఎక్కువమంది ఆగిపోయేది నాలుగో మెట్టు దగ్గర. అక్కడ తన తప్పొప్పుల చిట్టా నిజాయితీగా కాగితం మీద పెట్టాలి, ఐదో మెట్టులో దాన్ని ఒక మనిషి ముందు చదవాలి. ఆ పనిని ఒంటరిగా, మానేసిన మొదటి వారాల్లో, రాత్రిపూట మొదలుపెడితే సిగ్గు ముంచెత్తి సీసా దాకా తీసుకెళ్తుంది. స్పాన్సర్, అంటే ముందే ఈ మెట్లెక్కిన తోడు, దొరికాక, పగటిపూట, రోజుకు అరగంట మించకుండా రాయాలి. తొమ్మిదో మెట్టులో మన వల్ల నష్టపోయినవాళ్లకు జరిగిన నష్టాన్ని సరిదిద్దాలి, అయితే దానివల్ల వాళ్లకో మరొకరికో హాని జరిగేటట్టయితే వద్దని ఆ మెట్టులోనే స్పష్టంగా ఉంది. ఈ సగం మరిచిపోయి, తన మనసు తేలికపడటం కోసం పాత గాయాలు కెలికి కాపురాలు కూలగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

స్పాన్సర్ అంటే మనకంటే ముందు మెట్లెక్కి, మనకు ఫోన్‌లో దొరికే మనిషి. ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు చూడండి: కనీసం ఏడాదిగా తాగకుండా ఉన్నారా, వాళ్లకూ ఒక స్పాన్సర్ ఉన్నారా, ఫోన్ చేస్తే ఎత్తుతారా. ఆకర్షణకు తావు లేని మనిషి అయి ఉండాలి. మామూలుగా ఆడవాళ్లకు ఆడవాళ్లు, మగవాళ్లకు మగవాళ్లు అంటారు. బలహీనంగా ఉన్న కొత్తవాళ్లను పాతవాళ్లు ప్రేమ పేరుతో లొంగదీసుకోవడాన్ని ఏఏలోనే "పదమూడో మెట్టు" అంటారు. దానికి ఒక పేరే ఉందంటే ఎంతగా జరుగుతుందో అర్థం చేసుకోండి. ఆ వాసన తగిలిన రోజే గది మార్చేయాలి. స్పాన్సర్ డాక్టరు కాదు, అప్పులిచ్చే మనిషి కాదు, మొగుడూపెళ్లాల మధ్య తీర్పరి కాదు. ఆ పనులు మొదలుపెట్టిన స్పాన్సర్‌ను మార్చుకోవడం తప్పేమీ కాదు.

ఏఏ గురించి కొత్తవాళ్లకు తెలియని అతి ముఖ్యమైన విషయం ఏంటంటే, దానికి పైనుంచి నడిపే యాజమాన్యం లేదు. ప్రతి గ్రూపు దేనికది స్వతంత్రం. బోర్డు మీద పేరు ఒకటే అయినా సోమవారం గది వేరు, గురువారం గది వేరు. ఒకచోట ఆప్యాయత పొంగిపొర్లుతుంది, ఇంకోచోట పాతకాపు ఒకాయన అందరి టైమూ తినేస్తాడు. కాబట్టి ఒక్క మీటింగ్ చూసి ఏఏ మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం. మూడు గదులు, ఒక్కోదానికి రెండుసార్లు. ఆరు మీటింగ్‌లు అయ్యాకే నిర్ణయం.

రెండోది స్మార్ట్ రికవరీ. 1994 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. ఇక్కడ మెట్లు లేవు, దేవుడి ప్రస్తావన లేదు, "నేను ఆల్కహాలిక్‌ని" అని చెప్పుకోవాల్సిన పని లేదు, జీవితాంతం రావాలన్న నియమమూ లేదు. శిక్షణ పొందిన ఫెసిలిటేటర్ నడుపుతారు. ఇక్కడ ఒకరి మాటకు ఒకరు జవాబివ్వచ్చు, ఇవ్వమనే అంటారు. పని నాలుగు అంశాల మీద సాగుతుంది: మానాలన్న పట్టుదలను నిలబెట్టుకోవడం, తాగాలన్న కోరికను దాటడం, ఆలోచనలనూ ఆవేశాలనూ చేతుల్లో ఉంచుకోవడం, బతుకును సమతూకంలోకి తెచ్చుకోవడం.

ఇక్కడి బలం కాగితం, పెన్ను. ఒక కాగితాన్ని నాలుగు గళ్లు చేసి తాగితే లాభాలు, తాగితే నష్టాలు, మానితే లాభాలు, మానితే నష్టాలు రాయిస్తారు. తర్వాత ఒక్కో మాట పక్కన అది కాసేపటిదా, కలకాలం ఉండేదా అని గుర్తు పెట్టిస్తారు. గుర్తులు పెట్టడం పూర్తయ్యేసరికి తాగుడు లాభాల గడి అంతా "కాసేపు" అనే మాటతో నిండిపోతుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, ఆ కాగితమే చెబుతుంది. ఇంకొకటి ఏబీసీ అనే పద్ధతి, ఆల్బర్ట్ ఎల్లిస్ అనే మనస్తత్వవేత్త రూపొందించింది. ఉదాహరణకు, ఆఫీసులో నలుగురి ముందు మాట పడ్డారనుకోండి. అది జరిగిన సంగతి. "ఇంత అవమానం మోస్తూ తాగకుండా ఎలా ఉంటాను" అన్నది మనం దానికి తగిలించిన నమ్మకం. బండి మద్యం షాపు వైపు తిరగడం ఫలితం. అవమానం నేరుగా షాపుకు తీసుకెళ్లలేదు, మధ్యలో ఉన్న నమ్మకం తీసుకెళ్లింది. ఆ నమ్మకాన్ని ప్రశ్నించాలి: "అవమానం భరించలేనిదా, కష్టమైనదా? ఇంతకుముందు మాట పడి తాగకుండా ఉన్న రోజు ఒక్కటీ లేదా?" గ్రూపులో వారం వారం ఇదే సాధన చేస్తే, అవసరమైన రోజు ఆ ప్రశ్న దానంతటదే నోటికొస్తుంది.

స్మార్ట్ లోపాలు కూడా చెప్పాలి. మీటింగ్‌లు ఏఏ అంత విరివిగా దొరకవు. రాతపని ఇష్టం లేనివాళ్లు మూడో వారానికే జారుకుంటారు. స్పాన్సర్ పద్ధతి లేదు కాబట్టి రాత్రి పదకొండింటికి నాలుక పీకినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలన్నది తేలదు. ఆలోచనతో అన్నీ తేల్చుకునేవాళ్లకు స్మార్ట్ చక్కగా కుదురుతుంది. ఒంటరితనం ప్రధాన సమస్య అయినవాళ్లకు అదొక్కటే చాలదు. రెండూ కలిపి వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు, వద్దనే నియమం రెండిట్లోనూ లేదు. వారానికి రెండు ఏఏ, ఒక స్మార్ట్ అన్నది మొదటి మూడు నెలలకు మేం మెచ్చే కలయిక.

మిగతావి క్లుప్తంగా. విమెన్ ఫర్ సోబ్రయిటీ 1975లో జీన్ కర్క్‌పాట్రిక్ మొదలుపెట్టిన, ఆడవాళ్ల కోసమే ఉన్న గ్రూపు. ఇందులో 13 వాక్యాలు ఉంటాయి, అన్నీ ఆత్మవిశ్వాసం నిలబెట్టేవే. ఇప్పటికే సిగ్గుతో కుంగిపోయిన మనిషికి ఇంకా తలవంచమనే మాటలు పనికిరావన్నది వాళ్ల ఆలోచన, అది చాలామంది విషయంలో నిజం. మగవాళ్లున్న గదిలో నోరు విప్పలేని ఆడవాళ్లు ముందు దీన్ని వెతుక్కోవాలి. లైఫ్‌రింగ్ మతంతో సంబంధం లేనిది. "ఈ వారం ఎలా గడిచింది, వచ్చే వారం ఏ గండాలున్నాయి" అన్న చుట్టే మాటలు తిరుగుతాయి. గతం తవ్వుకోవడం ఇష్టం లేనివాళ్లకు హాయిగా ఉంటుంది. రికవరీ ధర్మ 2019లో ఏర్పడింది, ధ్యానం, బుద్ధుడి బోధల ఆధారంగా నడుస్తుంది. మానేసిన తొలి రోజుల్లో కళ్లు మూసుకుని ఇరవై నిమిషాలు కూర్చోవడం కొందరికి నరకం. నెల దాటాక ప్రయత్నిస్తే నయం.

మోడరేషన్ మేనేజ్‌మెంట్ గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. అది తగ్గించి తాగాలనుకునేవాళ్ల గ్రూపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్షలో 0 నుంచి 40 వరకు మార్కులుంటాయి. 8 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ప్రమాదకరమైన తాగుడు. 20 లేదా అంతకంటే ఎక్కువ వస్తే వ్యసనం ముదిరి ఉండొచ్చని అర్థం, నిపుణుల పరీక్ష అవసరం. 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చినవాళ్లు, పొద్దుటి వణుకు ఉన్నవాళ్లు ఈ గ్రూపు జోలికి వెళ్లొద్దు. తగ్గించడం అనే ఆశ ఎంత తియ్యగా ఉంటుందో మాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

ఇవన్నీ నిజంగా పనిచేస్తాయా? 2020లో, వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు, 10,565 మంది సమాచారంతో సమీక్ష వెలువరించింది. మనిషిని పద్ధతి ప్రకారం ఏఏ వైపు నడిపించే చికిత్స, పూర్తిగా మానేసి ఉండటంలో ఇతర మానసిక చికిత్సలతో సమానంగానో మెరుగ్గానో పనిచేసిందని తేలింది. ఇక్కడ "నడిపించే" అన్న మాట మీద దృష్టి పెట్టండి. చిరునామా రాసిచ్చి పంపేయడం వేరు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడం వేరు. కౌన్సెలర్ ఉంటే, "మీకు తెలిసిన సభ్యుడు ఒకరితో ముందే నన్ను మాట్లాడించండి, ఆయనతో కలిసి వెళ్తాను" అని అడగండి. మొదటిరోజు గుమ్మం దగ్గర తెలిసిన ముఖం ఒకటుంటే సగం బరువు దిగుతుంది.

ఇప్పుడు గదిని తూచడం ఎలాగో చూద్దాం. మీటింగ్ అయిపోయాక పది నిమిషాలు అక్కడే ఉండండి. కుర్చీలు సర్దుతుంటారు, గిన్నెలో మిగిలిన టీ పంచుతుంటారు. కొత్త ముఖాన్ని చూసి ఎవరైనా దగ్గరికి వచ్చారా? పేరు అడిగారా, లేక కథ మొత్తం అడిగారా? పేరు అడిగి, తన నంబర్ రాసిచ్చి, "రేపు పొద్దున ఒకసారి ఊరికే ఫోన్ చెయ్యి" అన్నవాళ్లు ఒక్కరున్నా అది మంచి గది. ఊరికే ఫోన్ చేయమనడంలో పెద్ద తెలివి ఉంది. మామూలు రోజున ఒకసారి చేసి ఉంటేనే కోరిక పీడించే రాత్రి వేలు ఆ నంబర్ మీదికి వెళ్తుంది. కోరిక అల లాంటిది, చాలావరకు అరగంటలోపే దిగిపోతుంది. ఆ అరగంట అవతలి గొంతుతో గడిస్తే చాలు. చేతిలో నంబర్ లేకుండా బయటికొచ్చారంటే, లోపల ఎంత గొప్ప మాటలు విన్నా ఆ గది మీకు ఇవ్వాల్సింది ఇవ్వలేదు. వెనక బెంచీలో కూర్చుని ముగిసీ ముగియగానే లేచిపోయేవాళ్లకు గ్రూపు పనిచేయకపోవడానికి కారణమూ ఇదే.

ఇంకో రెండు పరీక్షలున్నాయి. మొదటిది, మళ్లీ తాగి వచ్చినవాళ్లతో ఎలా మసలుకుంటారు. "మళ్లీ వచ్చావు, మంచి పని చేశావు" అంటారా, లేక చూపులతోనే చంపేస్తారా? ఆ సీటులో ఏదో ఒకరోజు మీరూ కూర్చోవచ్చు. రెండోది మాత్రల గురించి. నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్, డైసల్ఫిరమ్ అనేవి మద్యం వ్యసనానికి డాక్టర్లు రాసే మందులు. మొదటిది తాగితే వచ్చే తృప్తిని తగ్గిస్తుంది, నల్లమందు జాతి నొప్పిమాత్రలు వాడుతున్నవాళ్లకు పనికిరాదు. రెండోది మానేశాక ఉండే అలజడిని నెమ్మదింపజేస్తుంది, కిడ్నీలు బాగుండాలి. మూడోది వేసుకుని తాగితే ఒళ్లు ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడుతుంది. మనిషికి తెలియకుండా తిండిలో కలిపి పెట్టడం మహాప్రమాదం. "మాత్రలు వేసుకుంటే అది నిజమైన మానడం కాదు" అనే గదులు ఇంకా ఉన్నాయి. సభ్యులెవరూ డాక్టరు వేషం వేయకూడదని ఏఏ తన సొంత కరపత్రంలోనే రాసుకుంది. దిగులుకో మూర్ఛకో వాడే మందులను గ్రూపు మాట విని ఆపేయడం ప్రాణం మీదికి తెస్తుంది. అలా చెప్పే గదిలో రెండోసారి కూర్చోవద్దు.

గోప్యత విషయంలో అంచనా సరిగ్గా పెట్టుకోండి. గదిలో విన్నది గదిలోనే వదలాలన్నది అందరూ పాటించే మర్యాద, చట్టం కాదు. కేసులు, ఉద్యోగ సమస్యల వివరాలు గ్రూపులో కాకుండా లాయరుకో కౌన్సెలర్‌కో చెప్పాలి.

ఆన్‌లైన్ మీటింగ్‌లు ఏ వేళలోనైనా దొరుకుతాయి, పసిపిల్లలున్నవాళ్లకు, కదల్లేనివాళ్లకు వరం. కెమెరా ఆపేసి, పక్కన ఇంకో పని పెట్టుకుని వింటే మాత్రం రేడియో విన్నట్టే. ముఖం కనిపించాలి, ఒక్క మాటైనా మాట్లాడాలి, ముగిశాక ఒకరి నంబర్ తీసుకోవాలి. అవి చేస్తే గదికి దాదాపు సమానంగా పనిచేస్తుంది.

ఇంట్లోవాళ్లకు అల్‌అనాన్ అని వేరే గ్రూపు ఉంది, 1951లో మొదలైంది. ఇది తాగే మనిషిని మార్చే కిటుకులు నేర్పే చోటు కాదు. సీసాలు వెతకడం, ఆఫీసుకు అబద్ధాలు చెప్పడం, రాత్రంతా కాపలా కాయడం మాని తమ నిద్ర తాము పోవడం నేర్పుతుంది. అవతలి మనిషి ఇంకా తాగుతున్నా వెళ్లవచ్చు. వాళ్లు ఒప్పుకునేదాకా ఆగాల్సిన పని లేదు.

చివరిగా, గ్రూపులో ఉండగా మళ్లీ తాగితే. ఆ రోజు మీటింగ్ మానేయడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. తాగి ఉంటే మాట్లాడకుండా వెనక కూర్చోమంటారు తప్ప బయటికి పంపరు, గొడవ చేయనంతవరకు. నంబర్ ఇచ్చినవాళ్లకు "నిన్న తాగాను" అని ఒక్క ముక్క చెప్పండి, వివరణలు తర్వాత. బండి మీరు నడపొద్దు. వరసగా కొన్ని రోజులు తాగి ఉంటే, చేతులు వణుకుతుంటే, ముందు ఆస్పత్రికి వెళ్లి, అక్కడి నుంచి ఫోన్ చేయండి. మంచి గది అయితే సాయంత్రానికి ఇద్దరు మీ మంచం పక్కన ఉంటారు.